మేస్త్రి సీటు ఖాళీ కాలేదు

మనిషి పోయి నాలుగు రోజులైంది. సీటు మాత్రం పోలేదు.

హాలు గోడకి బిగించిన పెద్ద తెర మీద ఇరవై గడులున్నాయి. ఒక్కో గడి ఒక్కో లైసెన్సు. ఆఫీసు భాషలో సీటు. ఎవరైనా డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి పనిచేస్తుంటే వాళ్ళని పిలుచుకునే పేరుతో ఆ గడి ఎర్రగా వెలుగుతుంది. పది నిమిషాలు మౌసు కదలకపోతే సాఫ్ట్‌వేర్ సీటు లాగేసుకుంటుంది. గడి పచ్చబడుతుంది. వరసలో కాచుకుని ఉన్న ఇంకొకరు అందులో దూరతారు.

మూడో వరసలో ‘మేస్త్రి’ అని రాసి ఉన్న గడి ఎర్రగా ఉంది. ఆ మేస్త్రి అంత్యక్రియలకి ఈ హాల్లోని సగం మంది వెళ్ళొచ్చారు.

“నాలుగు రోజుల నుంచీ ఇలాగే ఉందా?” అని అడిగింది పిన్ని.

“రెప్ప వెయ్యలేదు పిన్నీ,” అంది బుజ్జి.

పిన్ని నిజానికి ఈ ఆఫీసులో ఒక్క బుజ్జికే పిన్ని. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ జుట్టు నెరిశాక, అదే విద్యతో సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టిన మనిషి. ఇక్కడ లైసెన్సుల మేనేజరుగా చేస్తున్న అక్క కూతురు ఈ ఉదయం గుమ్మంలోనే “పిన్నీ” అని మెడ పట్టుకుని ఏడ్చేసరికి, టీ తాగేలోపే ఆఫీసంతటికీ ఆవిడ పిన్నిగారైపోయింది. ఆవిడ కాదనలేదు. డిటెక్టివ్‌కి అబద్ధం చెప్పడానికి జనం వెనకాడరు గానీ, పిన్నికి చెప్పాలంటే కాస్త తడబడతారు.

ఏడవడానికి కారణం చిన్నది కాదు. సాయంత్రం పోలీసులు వచ్చి బుజ్జిని తీసుకుపోతారు.

మేస్త్రి ఈ కంపెనీలో అందరికంటే పాత డిజైనరు. నాలుగు రోజుల కిందట, పొద్దున్నే ఊడవడానికి వచ్చినవాళ్ళకి వెనక మెట్ల అడుగున పడి కనిపించాడు. తల వెనక దెబ్బ. మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య ఎప్పుడైనా పోయి ఉండొచ్చన్నాడు డాక్టరు. ఆ ‘ఎప్పుడైనా’ని పట్టుకుని బిగించినది ఈ గడి. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కూడా మేస్త్రి సీటు ఎర్రగానే ఉందని రికార్డు చెప్పింది. అంటే అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఆ సమయంలో ఆఫీసులో ఇంకెవరున్నారయ్యా అంటే, తాళాలు వేసుకుని వెళ్ళిన బుజ్జి ఒక్కర్తే.

“ఆయనతో నీకు గొడవేంటి?”

“గొడవ ఆయనతో ఏంటి, అందరితోనూ ఉంది,” అంది బుజ్జి ముక్కు తుడుచుకుంటూ. “నేను చేరినప్పుడు ఇరవై మందికి ఇరవై సీట్లు. ఇప్పుడు నలభై ఐదు మంది ఉన్నారు. సీట్లు అవే. కొత్తవి వస్తున్నాయి, వస్తున్నాయి అంటారు. కొనడం నా చేతిలో లేదు, ఉన్నవి పంచడమే నా పని. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు తిట్లన్నీ నాకే. ఆ రోజు పొద్దున మేస్త్రిగారు కూడా అరిచారు. ‘ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ దొంగాట?’ అని.”

“దొంగాటా?”

“అదే నాకూ అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం వింతగా ఉంటుంది పిన్నీ. మధ్యాహ్నం అందరూ పైన క్యాంటీన్‌కి పోతారు. హాల్లో పురుగుండదు. కానీ ఒక్క సీటూ రాలదు. ఎలాగో నాకెవరూ చెప్పరు.”

అప్పుడే టీ కప్పు పట్టుకుని ఒక నవ్వుమొహం వచ్చింది. యజమాని భార్య తమ్ముడు. యజమానికే కాక గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఆయన ‘బావమరిదిగారే’. ఆఫీసులో కొనుగోళ్ళూ మరమ్మతులూ ఆయన చూస్తాడు. డ్రాయింగు గీసిన పాపాన ఎన్నడూ పోలేదు గానీ, పెద్దవాళ్ళ పేరు గోడ మీద లేకపోతే బాగోదని ఆయనకీ ఒక సీటుంది.

“పిన్నిగారూ, మీరు దిగులుపడకండి. లాయర్ని నేనే మాట్లాడాను. మా బుజ్జమ్మ చీమని కూడా పక్కకి తప్పుకోమని అడిగి నడుస్తుంది,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “అసలు గొడవంతా తాళం వేసున్న ఆ మేస్త్రి గదిలో కంప్యూటరుది. మా బావ తాళంచెవి ఇస్తే ఒక్క స్విచ్చు నొక్కి పీడ వదిలించేవాణ్ణి. ఆయనేమో దాన్ని నడుముకి కట్టుకుని పడుకుంటున్నాడు.”

“మేస్త్రి దయ్యమయ్యాడని భయమా ఆయనకి?”

“భయమంటే ఒప్పుకోడు. పోలీసులు తాకొద్దన్నారంటాడు,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

---

మేస్త్రి గదికి సరిగ్గా ఎదురుగా కూర్చునేది వదిన. హాల్లో అందరికీ వదినే. సూటిగా మాట్లాడుతుంది, అడిగినదానికంటే ఎక్కువే చెబుతుంది.

“ఆ రోజు మధ్యాహ్నం మేస్త్రిగారు గదిలో ఉన్నారా?” అని అడిగింది పిన్ని.

“ఉన్నారండీ.”

“చూశావా?”

“తలుపు వేసుంది. అద్దానికి తెర దించి ఉంది. ఆయనెప్పుడూ అంతే కదా. డబ్బా కూడా లోపలే తింటారు.”

“అయితే చూడలేదు.”

“ఉన్నారండీ పిన్నిగారూ! నేను నాలుగింటికి ఒక కొలత అడుగుదామని లేచాను కూడా.”

“లేచి వెళ్ళావా?”

“వెళ్ళలేదు. గోడ వైపు చూశాను. ఎర్రగా ఉంది. పనిలో ఉన్నారు, కదపడమెందుకని కూర్చున్నా.”

“గోడని చూశావు గానీ గదిలోకి చూడలేదు.”

“ఇక్కడ ఎవరూ చూడరండీ,” అంది వదిన. ఆ మాట తన నోటి నుంచే వచ్చాక తనకే ఎక్కడో గుచ్చుకున్నట్టు చేతులు ముడుచుకుంది. “మనిషి ఉన్నాడా లేదా అని తల తిప్పి చూసే అలవాటు పోయింది. గోడ చెబుతుంది కదా.”

“ఇంకేమైనా ఉందా? చెప్పాలా వద్దా అనుకునేది.”

వదిన అటూ ఇటూ చూసింది. “ఆ తెర సందులోంచి చూస్తే లోపల కంప్యూటరు కనిపిస్తుందండీ. దాని మీద బాణం కదులుతోంది. ఎవరూ లేరు. తాళం వేసుంది. అది కదులుతూనే ఉంది. మొన్నటి నుంచి నేను కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చుంటున్నా. వీపుకి ఆనుకుని ఎవరో ఉన్నట్టుంటోంది.”

---

యజమాని తాళంచెవి ఇవ్వడానికి రెండుసార్లు చెయ్యి చాపి రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు. మూడోసారి పిన్నే అందుకుంది. ఆయన వెంట రాలేదు. వస్తానని పట్టుబట్టినవాడు ఇంకొకడున్నాడు.

తనిఖీదారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ పంపగా, ఇక్కడ ఎన్ని లైసెన్సులున్నాయి, ఎంతమంది వాడుతున్నారు అని లెక్క తేల్చడానికి వచ్చాడు. మేస్త్రి సీటు రికార్డు తీసి పోలీసులకిచ్చింది ఈయనే. చొక్కా ఇస్త్రీ మడత ఎంత ఖచ్చితమో మాటా అంతే ఖచ్చితం. పిన్నిని చూస్తే ఆయనకి ఒళ్ళు మంట.

“సొంత అక్క కూతురి కేసు మీరే దర్యాప్తు చెయ్యడం పద్ధతిగా ఉందా మేడమ్?”

“నా అక్క కూతురి మీద కేసు మీరు పెట్టారు కదా. మరి తియ్యడం ఎవరో ఒకరు చెయ్యాలి.”

“నేను పెట్టలేదు. రికార్డు పెట్టింది. సీటు వాడుకలో ఉందంటే మనిషి ఉన్నాడని. సాయంత్రం ఆయనున్నాడు, మీ అమ్మాయి ఉంది, మూడో ప్రాణి లేదు. పైగా ఈ నాలుగు రోజులూ ఆ సీటు నడుస్తోంది. ఎవరు నడుపుతున్నారు? తాళం వేసిన గదిలోని కంప్యూటరుని బయటినుంచి నడపగల అనుమతులు ఒక్కరికే ఉన్నాయి. మీ అమ్మాయి ఆయన సీటుని బయటివాళ్ళకి అద్దెకిస్తోంది. ఆయన కనిపెట్టాడు. అందుకే పోయాడు.”

“బాగా అల్లారు. స్వెట్టర్లు కూడా అల్లుతారా?” అంటూ పిన్ని తాళం తీసింది.

నాలుగు రోజులు మూసిన గది గాలి మొహానికి తగిలింది. టేబులు మీద సగం తిన్న భోజనం డబ్బా, మూత పక్కన పెట్టి ఉంది. చెంచా అందులోనే నిలబడి ఉంది. కుర్చీ వెనక్కి తోసి ఉంది, ఎవరో పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అని లేచిన మనిషి కుర్చీలా. కళ్ళజోడు కీబోర్డు మీద బోర్లించి ఉంది.

తెర వెలుగుతోంది. సగం గీసిన మెట్ల డ్రాయింగు. దాని మీద తెల్లటి బాణం.

అది వెంట్రుక వాసి కదిలింది. ఆగింది. మళ్ళీ వెంట్రుక వాసి కదిలింది. ఆగింది. ఆ కదలికలో తొందర లేదు, అలసట లేదు. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఒకే తీరులో ఉంది.

తనిఖీదారు గొంతు సవరించుకున్నాడు. “చూశారుగా. బయటినుంచి నడుపుతున్నారు.”

“ఆ వెనక నెట్‌వర్క్ వైరు పీకండి.”

“పీకితే?”

“బయటినుంచి నడిపేవాళ్ళుంటే బాణం ఆగిపోవాలి కదా. మీ లెక్కే.”

ఆయన వంగి వైరు లాగాడు. కుడివైపు కింద చిన్న గుర్తు మీద అడ్డగీత పడింది. ఇప్పుడు ఆ కంప్యూటరుకి ఈ గది తప్ప లోకం లేదు. ఇద్దరూ తెర వైపు చూశారు.

బాణం వెంట్రుక వాసి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

తనిఖీదారు చొక్కా మడత నలగకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని భుజం తలుపుకి తగిలి, తనే ఉలిక్కిపడ్డాడు.

“వైరు మళ్ళీ పెట్టెయ్యండి, సీటు పడిపోతే మనకి కష్టం,” అంది పిన్ని. బీమా కంపెనీలో ఉండగా ఆవిడ ఒక పాఠం నేర్చుకుంది. భయం వేసినప్పుడు చేతికి ఏదో ఒక పని చెప్పాలి. ఆవిడ చెయ్యి చాపి మౌసుని పైకెత్తింది.

బాణం ఆగిపోయింది.

మౌసు కింద, టేబులు మీద, వెల్లకిలా ఒక చేతి గడియారం పడుకుని ఉంది. పట్టీ రెండువైపులా చాచి ఉంది. సెకన్ల ముల్లు టక్కుటక్కుమని నడుస్తోంది. మౌసు అడుగున ఉన్న ఎర్ర కన్ను ఆ ముల్లు కదలికనే చెయ్యి కదలిక అనుకుని, సెకనుకొకసారి బాణాన్ని జరుపుతోంది.

“చేతి గడియారం!” అన్నాడు తనిఖీదారు.

“అవును,” అంది పిన్ని. “నాలుగు రోజులుగా మీరు రికార్డు చేసిన మనిషి ఈయనే.”

మౌసుని మళ్ళీ దాని మీద బోర్లించి, తాళం వేసింది.

---

వదినని అడిగితే మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత పిన్ని కదా అని చెప్పేసింది.

“ఏం చెయ్యమంటారండీ? గంటలు కాచుకుంటే గానీ సీటు దొరకదు. అన్నం తినొచ్చేసరికి ఇంకొకడు దూరతాడు. ఎవడు కనిపెట్టాడో మహానుభావుడు... గడియారం తీసి మౌసు కింద పెట్టి పోతాం. సీటు పోదు. బుజ్జికి తెలిస్తే ఊరుకోదని చెప్పలేదు.”

“అందరూనా?”

“అందరూనండీ. పోయినేడు కంపెనీకి పదేళ్ళు నిండాయని యజమాని అందరికీ ఒకే రకం గడియారాలిచ్చారు. సమయపాలన కోసం.” వదిన నవ్వాపుకుంది. “మేస్త్రిగారొక్కరే పెట్టేవారు కాదు. గడియారం చేతికి అడ్డమని పంచిన రోజే వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. మేం చేసే పని చూసి అసహ్యించుకునేవారు. ‘కొనాల్సినవి కొనరు, మీరేమో గడియారాలతో గారడీలు చేస్తారు’ అనేవారు. అందుకే గది వదిలిపోయేవారు కాదు.”

పిన్ని వెనక్కి తిరిగింది. తనిఖీదారు అక్కడే ఉన్నాడు. ఖాళీ మీటింగు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

“ఇప్పుడు లెక్క చెప్పండి. గడియారం పెట్టింది మేస్త్రి కాదు. సగం తిండిలో లేచినవాడు మళ్ళీ కూర్చోలేదు. అంటే మధ్యాహ్నం భోజనాల వేళే, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, ఎవరో ఆయన్ని వెనక మెట్ల దగ్గరికి పిలిచారు. పని ముగించుకుని వచ్చి, చచ్చినవాడు బతికున్నట్టు కనపడాలని సీటుకి ఊపిరి పోసి వెళ్ళారు. తర్వాత తీసుకుపోదామనుకుని ఉంటారు. పొద్దున్నే శవం దొరికింది, యజమాని తాళం వేసి చెవి నడుముకి కట్టుకున్నాడు. గడియారం లోపలే ఉండిపోయింది.”

“అది... సాధ్యమే,” అన్నాడు తనిఖీదారు పళ్ళ మధ్య నుంచి.

“ఆ రోజు పన్నెండు నుంచి ఐదు దాకా మా బుజ్జి ఎక్కడుంది?”

ఆయన మెడ దగ్గర గుండీ సర్దుకున్నాడు.

“చెప్పండి. మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?”

“ఊళ్ళో ఉన్న మా కంపెనీ ఆఫీసులో,” అన్నాడు చివరికి. “లైసెన్సు కాగితాలతో నేనే రమ్మన్నాను. ఐదుదాకా నా ఎదురుగానే కూర్చుంది. మంచినీళ్ళు కూడా నా ముందే తాగింది.”

“అమ్మయ్య. ముద్దాయికి దొరికిన సాక్షి ఎవరయ్యా అంటే ఫిర్యాదీ! సాయంత్రం పోలీసులొస్తే ఈ మాట మీ నోటితోనే చెప్పండి. నేను చెబితే పద్ధతిగా ఉండదు, సొంత పిన్నిని కదా.”

తనిఖీదారు తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు, లెక్క తప్పినందుకు సిగ్గుపడే రకం. పిన్ని ఆ సందు వదల్లేదు.

“ఇంకొకటి. ఈ కంపెనీ మీద మీకు ఫిర్యాదు పంపింది ఎవరు?”

“అది చెప్పకూడదు.”

“చచ్చినవాళ్ళకి రహస్యాలుండవు.”

తనిఖీదారు తలుపు మూసే ఉందని చూసుకుని చెప్పాడు. “ఆయనే. మేస్త్రే. కొత్త సీట్లు కొన్నామని యజమానికి బిల్లులు చూపించి డబ్బు తీసుకుంటున్నారు, నిజంగా కొనట్లేదు, వచ్చి చూడండి అని.”

“ఎవరు చూపిస్తున్నారట?”

“పేరు ఎదుట కూర్చుని చెబుతానన్నాడు. మర్నాడు కలవాల్సింది.”

పిన్ని కిటికీ వైపు తిరిగింది. “గడియారం పోగొట్టుకున్నవాడు ఒకడున్నాడు ఇక్కడ.”

“అందర్నీ గడియారాలు చూపించమందాం.”

“అడిగితే ముప్పై మంది ఇంట్లో మర్చిపోయామంటారు. అడక్కుండా చూద్దాం. భోజనాల వేళ ఎవరి సీటు రాలుతుందో వాడి దగ్గర గడియారం లేదు.”

“కొత్తది కొనుక్కుని ఉంటే?”

“ఉంటే మన ఖర్మ. లేకపోతే వాడి ఖర్మ.”

భోజనాల బెల్లుకి ముందు పిన్ని బుజ్జి గదికి వెళ్ళింది. హాలు దాటి, నడవ చివర, వెనక మెట్ల తలుపు పక్క గది అది. సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి బుజ్జి పేరునా ఒక సీటుంది.

“నువ్విక్కడే కూర్చో. ఎవరు పిలిచినా కదలకు. సాఫ్ట్‌వేర్ తెరిచి మౌసు కదుపుతూ ఉండు. హాల్లో గోడ మీద నీ గడి ఎర్రగా ఉన్నంతసేపు నువ్వు క్షేమమని నాకు తెలుస్తూ ఉంటుంది.”

“భలే ఉపాయం పిన్నీ,” అంది బుజ్జి. నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

పిన్నికి కూడా భలేగానే అనిపించింది.

---

బెల్లు మోగింది. కుర్చీలు జరిగాయి. క్యాంటీన్ మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి పాకి, సన్నబడి, ఆగిపోయింది. హాల్లో పిన్నీ తనిఖీదారూ మిగిలారు.

పది నిమిషాలు గడిచాయి.

ఎవరూ లేరు. కానీ ఆ హాలు ఖాళీగా లేదు. వరసలు వరసలుగా తెరలు వెలుగుతున్నాయి, ప్రతి తెర మీదా బాణం వెంట్రుక వాసి జరుగుతోంది, ఆగుతోంది. ప్రతి మౌసు కిందా ఒక ముల్లు. చెవి పెట్టి వింటే సన్నగా, చెదలు తొలిచినట్టు, గది నిండా టక్కుటక్కులు. ఒకేసారి ఇచ్చిన గడియారాలు కాబట్టి ఒకేసారి కొట్టుకోవాలి కదా అనిపిస్తుంది. కొట్టుకోవడం లేదు. ఒకటి ముందు, ఒకటి వెనక, గుసగుసలాడుకుంటున్నట్టుంది. చచ్చినవాడి సీటుకీ బతికున్నవాళ్ళ సీట్లకీ గోడ మీద తేడా లేదు. అన్నీ ఎరుపే.

“నేను ఆఫీసులు వందల్లో చూశాను,” అన్నాడు తనిఖీదారు మెల్లిగా. “ఇలా ఎన్నడూ చూడలేదు.”

“ఎప్పుడూ గోడనే చూశారు కాబట్టి.”

అప్పుడు ఒక గడి వణికింది. రంగు వెలిసింది. పచ్చబడింది.

బావమరిది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీ, నవ్వు, లాయరు, తాళంచెవి కోసం ఆరాటం. కొనుగోళ్ళన్నీ ఆ చేతి మీదుగానే. యజమానికి సీట్లు కొన్నట్టు చూపించగలిగిన చెయ్యి అదొక్కటే.

“దొరికాడు!” అన్నాడు తనిఖీదారు. గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోయాడు. “గడియారం లేదు వాడి దగ్గర. పోలీసులకి నేనే ఫోన్ చేస్తాను.”

పిన్నికి ఏదో అతకలేదు. నాలుగు రోజుల గడువు దొరికింది. అంత తెలివిగలవాడు ఒక గడియారం కొనుక్కోడా? నిన్నా మొన్నా వాడి సీటు రాలితే, అంతమంది కాచుకుని ఉన్న ఈ హాల్లో ఎవరో ఒకరు ఎగిరి గంతేసేవాళ్ళు, వదిన చెప్పకుండా ఉండేది కాదు. అంటే కొన్నాడు. నిన్నటిదాకా ఉంది. ఇవాళే లేదు.

“మీ అమ్మాయి గురించి భయం లేదు లెండి,” అన్నాడు తనిఖీదారు ఫోన్ తీస్తూ, ఈసారి దయగా. “చూడండి, ఎర్రగా ఉంది.”

పిన్ని చూసింది. బుజ్జి గడి ఎర్రగానే ఉంది.

*గోడని చూశావు గానీ గదిలోకి చూడలేదు.*

ఆ మాట పొద్దున అన్నది తనే. ఇప్పుడు పది నిమిషాలుగా తనూ గోడనే చూస్తోంది.

ఆవిడ వయసు మర్చిపోయి పరిగెత్తింది. కుర్చీ ఒకటి పడింది. నడవ పొడవునా చెప్పు జారింది, వదిలేసింది. బుజ్జి గది తలుపు చేరవేసి ఉంది. తోసింది.

కుర్చీ ఖాళీ. వెనక్కి తోసి ఉంది. ‘ఒక్క నిమిషం’ అని లేచిన మనిషి కుర్చీలా.

తెర మీద బాణం వెంట్రుక వాసి కదిలింది. ఆగింది.

పిన్ని మౌసు ఎత్తింది. కింద కొత్త గడియారం. వెనక ధర చీటీ కూడా పీకలేదు. ఆ గదిలో ఏం జరిగిందో ఆవిడకి మొత్తం కళ్ళముందు కనిపించింది. నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డవాడు: ‘లాయరు వెనక గేటు దగ్గరున్నాడు, రెండు నిమిషాలు వచ్చిపోమ్మా.’ పిచ్చిపిల్ల: ‘పిన్ని మౌసు కదుపుతూ ఉండమంది కదండీ.’ వాడు మణికట్టు గడియారం విప్పుతూ: ‘ఓస్, దానికేముంది? ఇది పెట్టి రా.’

సాయంత్రానికి కథ తయారుగా ఉంటుంది. తప్పు చేసిన పిల్ల, పోలీసులొస్తున్నారని తెలిసి, అదే మెట్ల మీద నుంచి... కేసు మూత పడుతుంది. ఆ పిల్ల పీనుగ మీదే పడుతుంది.

పక్కనే వెనక మెట్ల తలుపు. పోలీసులు అంటించిన టేపు ఒక వైపు ఊడి వేలాడుతోంది. పిన్ని ఒంటి చెప్పుతో లోపలికి అడుగుపెట్టింది. పట్టపగలు ఆ మెట్ల మీద చీకటి. కింద ఎక్కడో రెండు జతల అడుగులు దిగుతున్నాయి. ఒకటి తేలిక, ఒకటి బరువు.

“ఇక్కడ లైటు లేదేంటండీ?” బుజ్జి గొంతు.

“నాలుగు మెట్లేనమ్మా. భయమేస్తే నా చెయ్యి పట్టుకో. కాదు కాదు, నువ్వు ముందు నడు, నేను వెనక ఉంటాను.”

అరిస్తే వాడు తోసేస్తాడు. పరిగెత్తి దిగితే అందుకోలేదు. చేతికి ఏదో ఒక పని చెప్పాలి. గడియారాన్ని గట్టిగా పట్టుకుని, పేరంటానికి పిలిచినంత తీయగా, నెమ్మదిగా పలికింది.

“బావమరిదిగారూ! గడియారం మర్చిపోయి వెళ్తున్నారు. మేస్త్రి గదిలోది కూడా నా దగ్గరే ఉంది. తనిఖీదారుగారు పైన పోలీసులతో ఫోన్‌లో ఉన్నారు, రెండూ ఎవరివని అడుగుతున్నారు. మా బుజ్జిని ముందు పైకి పంపించండి. మీరు వెనక రండి.”

చీకట్లో బరువైన అడుగు ఆగింది.

తేలికైన అడుగు ఒక క్షణం తర్వాత ఆగింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆ తేలికైనదే, ఒక్కో మెట్టూ తడుముకుంటూ, పైకి రావడం మొదలైంది.